అపు గొంతు ఎవరిది? 'ది సింప్సన్స్' చుట్టూ ముప్పై అయిదేళ్ల తగువు

1992 జనవరి 27న అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ సీనియర్ మత ప్రసారకుల సభలో మాట్లాడుతూ, దేశంలోని కుటుంబాలు సింప్సన్స్‌లా కాకుండా వాల్టన్స్‌లా ఉండాలన్నారు. వాల్టన్స్ అంటే 1970లలో వచ్చిన ఒక సీరియల్‌లోని కుటుంబం. 1930ల ఆర్థిక మాంద్యంలో కష్టాలు పడుతూనే కలిసిమెలిసి, భక్తిగా బతికేవాళ్ల కథ అది. మూడు రోజుల తర్వాత 'ది సింప్సన్స్' బృందం ఒక పాత ఎపిసోడ్‌ను మళ్లీ వేస్తూ దాని ముందు చిన్న సన్నివేశం చేర్చింది. సింప్సన్ కుటుంబం టీవీ ముందు కూర్చుని బుష్ మాటలు వింటుంది. మేమూ వాల్టన్స్ లాంటివాళ్లమే, ఈ మాంద్యం ఎప్పుడు పోతుందా అని మేమూ దేవుణ్ణి మొక్కుకుంటున్నాం అంటాడు పదేళ్ల బార్ట్. అది ఎన్నికల ఏడాది, పైగా ఉద్యోగాలు పోతున్న కాలం. నవంబరులో బుష్ ఓడిపోయారు. ఓటమికి కార్టూన్ కారణం కాదు గానీ, దేశాధ్యక్షుడు నోరు జారితే పట్టుకుని బదులిచ్చే స్థాయికి ఒక కార్టూన్ ఎదిగిందని ఆ రోజు అందరికీ తెలిసింది.

పాతికేళ్ల తర్వాత అదే కార్టూన్‌ను ఇంకో దిక్కు నుంచి నిలదీశారు. ఈసారి నిలదీసింది పాలకులు కాదు, చిన్నప్పటి నుంచి దాన్ని ఇష్టంగా చూస్తూ పెరిగిన హాస్య కళాకారుడు హరి కొండబోలు. ఆంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబంలో, న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టారాయన. 2017 నవంబరులో వచ్చిన ఆయన డాక్యుమెంటరీ 'ది ప్రాబ్లమ్ విత్ అపు' వేసిన ప్రశ్న సూటిది. దుకాణం నడుపుకునే అపు అనే భారతీయుడి పాత్రకు ఒక తెల్లజాతి నటుడు వెక్కిరింత యాసలో ఏళ్ల తరబడి గొంతు ఇస్తూ పోతే, ఆ భారం ఎవరి పిల్లల మీద పడింది?

ఈ రెండు తగువుల మధ్య ఎన్నో వాదనలు పుట్టి ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయాయి. పిల్లలకు జరిగే హాని గురించి ఒకరు అడిగితే రచయిత స్వేచ్ఛ గురించి ఇంకొకరు జవాబిస్తారు. గొంతు గురించి అడిగితే పాత్ర మంచితనం గురించి చెబుతారు. నిజానికి ఇక్కడున్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఈ కార్టూన్ ఎవరిని చెడగొడుతుంది? అది దేన్ని నమ్ముతుంది? అందులో ఎవరి తరఫున ఎవరు మాట్లాడుతున్నారు? మొదటిది చాలావరకు చల్లారింది. రెండోది పండితుల మధ్య నలుగుతోంది. మూడోది సగంలో ఆగి ఉంది, దాన్ని ఆపిన తీరు మాత్రం సరైనది కాదు.

నాలుగో ఛానల్, పసుపుపచ్చ కుటుంబం

మ్యాట్ గ్రేనింగ్ 1954లో ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టారు. 'లైఫ్ ఇన్ హెల్' అనే కామిక్ స్ట్రిప్‌తో పేరు తెచ్చుకున్నారు. 'ది ట్రేసీ ఉల్మన్ షో'లో స్కిట్ల మధ్య వేయడానికి నిర్మాత జేమ్స్ ఎల్. బ్రూక్స్ చిన్న కార్టూన్లు అడిగినప్పుడు, తన స్ట్రిప్ హక్కులు చేజారడం ఇష్టంలేక అప్పటికప్పుడు ఒక కొత్త కుటుంబాన్ని గీసి ఇచ్చారు. తండ్రి హోమర్, తల్లి మార్గరెట్, చెల్లెళ్లు లీసా, మ్యాగీల పేర్లే పాత్రలకు పెట్టారు. 1987 ఏప్రిల్ 19న తొలి బుల్లి కార్టూన్ వచ్చింది. అలాంటివి 48 అయ్యాక, 1989 డిసెంబరు 17న ఒక క్రిస్మస్ కథతో అరగంట ధారావాహిక మొదలైంది.

దాన్ని వేసిన ఫాక్స్ అప్పటికి కొత్త ఛానల్, 1986లో పుట్టింది. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ రాజ్యమేలుతున్న చోట నాలుగోదిగా నిలదొక్కుకోవాలి. 1960-66 మధ్య వచ్చిన 'ది ఫ్లింట్‌స్టోన్స్' తర్వాత రాత్రివేళ పెద్దల కోసం కార్టూన్ వేసి గెలిచినవాళ్లు లేరు. పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేని ఛానల్ కాబట్టి ఫాక్స్ సాహసించింది. కథలో ఛానల్ వేలు పెట్టకూడదన్న షరతును బ్రూక్స్ ఒప్పందంలోనే రాయించుకున్నారు. శామ్ సైమన్ రచయితల బృందాన్ని కూర్చారు. ఛానల్ యజమానినీ, ఛానల్‌నూ ఆ ఛానల్‌లోనే ఎగతాళి చేయగలిగిన ధైర్యం ఆ షరతు నుంచి వచ్చిందే.

తర్వాతి తగువులన్నిటికీ మూలంలో తయారీ పద్ధతి ఒకటుంది. ఈ కార్టూన్‌కు మొదట గొంతులు రికార్డు చేస్తారు, బొమ్మలు తర్వాత వేస్తారు. బొమ్మల పనిలో అత్యధిక భాగం దక్షిణ కొరియా స్టూడియోల్లో జరుగుతుంది. ప్రధాన గాత్ర నటులు ఆరుగురే. హోమర్‌కు డాన్ కాస్టెలనెటా, మార్జ్‌కు జూలీ కావ్‌నర్, బార్ట్‌కు నాన్సీ కార్ట్‌రైట్, లీసాకు యార్డ్‌లీ స్మిత్. స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లోని మిగతా జనంలో చాలామంది హ్యాంక్ అజారియా, హ్యారీ షియరర్ గొంతుల్లోనే బతుకుతారు. పోలీసు అధికారి, బారు యజమాని, అణు విద్యుత్ కేంద్రం యజమాని, నల్లజాతి డాక్టరు, భారతీయ దుకాణదారు చాలా ఏళ్లపాటు అందరూ ఆ ఇద్దరే. ఊరంతటినీ ఇద్దరు తెల్లవారు పలకడం అప్పట్లో పొదుపుగానూ ప్రతిభగానూ కనిపించింది. ఎవరూ తప్పు పట్టలేదు.

1990లో ఫాక్స్ ఈ కార్టూన్‌ను గురువారానికి మార్చి, అప్పటికి అమెరికాలో తిరుగులేని 'ది కాస్బీ షో'కు ఎదురుగా నిలబెట్టింది. రెండో సీజన్ తొలి ఎపిసోడ్‌ను మూడు కోట్లకు పైగా జనం చూశారు. 1997లో ఇది 'ఫ్లింట్‌స్టోన్స్' 166 ఎపిసోడ్ల రికార్డు దాటింది. 2018లో 'గన్‌స్మోక్' 635 ఎపిసోడ్లనూ దాటి, అమెరికా ప్రైమ్‌టైమ్‌లో అన్నిటికంటే ఎక్కువ ఎపిసోడ్లు వచ్చిన కథా ధారావాహిక అయింది. 20వ శతాబ్దపు అత్యుత్తమ టీవీ కార్యక్రమం ఇదేనని టైమ్ పత్రిక 1999 చివర్లో తేల్చింది. హోమర్ తప్పు చేసినప్పుడల్లా అరిచే అరుపు 2001లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది.

మొదటి తగువు: పిల్లలు చెడిపోతారా?

1990లో అమెరికాలో ఎక్కడ చూసినా బార్ట్ టీషర్టులే. వాటిలో ఒకటి, వెనకబడ్డానని గర్వంగా చాటుకునే రాతతో, బడుల కోపానికి గురైంది. కాలిఫోర్నియా, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో కొన్ని బడులు దాన్ని వేసుకురావద్దన్నాయి. జేసీ పెన్నీ దుకాణాలు పిల్లల విభాగం నుంచి దాన్ని తీసేశాయి. మాదకద్రవ్యాల నిరోధానికి అధిపతిగా ఉన్న విలియం బెనెట్ పిట్స్‌బర్గ్‌లోని ఒక పునరావాస కేంద్రంలో బార్ట్ పోస్టరు చూసి, ఇలాంటివి చూస్తే మీకు మేలు జరగదన్నారు. గొడవ పెద్దదయ్యాక సరదాకి అన్నానన్నారు. అధ్యక్షుడి భార్య బార్బరా బుష్ ఒక పత్రిక ఇంటర్వ్యూలో, తాను చూసినవాటిలో ఇంత తెలివితక్కువది లేదన్నారు. రచయితలు సింప్సన్ కుటుంబంలోని తల్లి మార్జ్ పేరుతో ఆమెకు మర్యాదగా ఉత్తరం రాస్తే, ఆమె క్షమాపణ చెబుతూ జవాబు రాశారు.

అంత దుమారంలోనూ చాలామంది చూడకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. బడులు టీషర్టును బహిష్కరిస్తున్న అదే నెలల్లో, కాస్బీకి ఎదురుగా నిలిచిన ఆ ఎపిసోడ్‌లో కథ ఏమిటి? బార్ట్ నాలుగో తరగతి తప్పేలా ఉన్నాడు. మర్నాటి పరీక్షకు చదవడానికి ఒక్క రోజు గడువు దొరికితే చాలని రాత్రి మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థిస్తాడు. తెల్లారేసరికి మంచు కురిసి బడికి సెలవు. బయట పిల్లలంతా మంచులో ఆడుతుంటే లోపల కూర్చుని చదువుతాడు. అయినా ఒక్క మార్కు తేడాతో తప్పి, టీచరు ముందే వెక్కి వెక్కి ఏడుస్తాడు. 1754లో ఫోర్ట్ నెసెసిటీని ఫ్రెంచివారికి అప్పగించిన జార్జ్ వాషింగ్టన్ బాధ ఇప్పుడు తెలిసిందంటాడు. పుస్తకంలో లోతుగా ఉన్న ఆ సంగతి గుర్తుండటం చూసి టీచరు ఒక మార్కు కలుపుతుంది. చదువును ఎగతాళి చేసే పిల్లాడు కాడు వాడు, ఎంత ప్రయత్నించినా చదువు అందని పిల్లాడు. టీషర్టు మీది బార్ట్ వేరు, కథలోని బార్ట్ వేరు. నిందించినవాళ్లు నిందించింది టీషర్టును. అయితే ఆ టీషర్టు అమ్మి డబ్బు చేసుకున్నది కూడా ఇదే వ్యాపారమని మరచిపోకూడదు.

పదేళ్లలో గాలి పూర్తిగా మారింది. ఈ కార్టూన్‌లోని మతభావాల మీద పాత్రికేయుడు మార్క్ పిన్‌స్కీ 2001లో పుస్తకమే రాశారు. ఆదివారం చర్చికి వెళ్లి, అన్నానికి ముందు ప్రార్థన చేసే కుటుంబం టీవీలో ఇంకెక్కడుందని ఆయన అడిగారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రోవాన్ విలియమ్స్ అభిమానినని చెప్పుకున్నారు. 2009, 2010లలో వాటికన్ దినపత్రిక సైతం మెచ్చుకుంటూ రాసింది. ఈ మార్పుకు కారణం కార్టూన్ మెత్తబడటం ఒక్కటే కాదు. 1993లో 'బీవిస్ అండ్ బట్‌హెడ్', 1997లో 'సౌత్ పార్క్', 1999లో 'ఫ్యామిలీ గై' వచ్చాయి. వాటి పక్కన పెడితే బార్ట్ బుద్ధిమంతుడే. కార్టూన్ అంటే పిల్లలదేనన్న నమ్మకం అమెరికాలో ఆ దశాబ్దంలోనే సడలింది. మన దగ్గర అది ఇంకా గట్టిగానే ఉంది. 2008లో తల్లిదండ్రుల ఫిర్యాదులతో 'షిన్‌చాన్' ప్రసారం ఆగిపోయి, కత్తిరింపులతో తిరిగొచ్చిన ఉదంతం అందుకు సాక్ష్యం.

రెండో తగువు: వ్యంగ్యమా, వెటకారమా?

పండితుల మధ్య స్థూలంగా మూడు ధోరణులు కనిపిస్తాయి.

వర్జీనియా విశ్వవిద్యాలయంలో షేక్‌స్పియర్ చెప్పిన పాల్ కాంటర్ 1999లో రాసిన వ్యాసం మొదటి ధోరణికి ఆధారం. ఈ కార్టూన్ కుటుంబాన్ని ఎంత ఎగతాళి చేసినా చివరికి కుటుంబాన్నే నిలబెడుతుందని ఆయన వాదన. తండ్రి మొద్దు, కొడుకు అల్లరి, అయినా ఇల్లు విడిపోదు. ప్రభుత్వం, కంపెనీ, మీడియా అన్నీ దూరంగా, కుళ్లిపోయి కనిపిస్తాయి, ఇల్లూ ఊరూ చర్చీ మాత్రం దగ్గరగా ఉంటాయి. సంప్రదాయవాదులు మొదట శత్రువుగా చూసినదాన్ని కాంటర్ వాళ్లకు మిత్రుడిగా చూపించారు.

రెండో ధోరణి జొనాథన్ గ్రేది. 2006లో వచ్చిన ఆయన పుస్తకం ప్రకారం దీని బలం కుటుంబ కథలో లేదు, టీవీని టీవీలోనే విప్పి చూపడంలో ఉంది. వాణిజ్య ప్రకటనలు, వార్తలు, కుటుంబ హాస్య ధారావాహికలు మనల్ని ఎలా మలుస్తాయో చూపే పేరడీ అంటే, చూడటం నేర్పే చదువే.

మూడో ధోరణి ఈ రెండిటినీ శంకిస్తుంది. కార్ల్ మాథెసన్ దీన్ని అతివ్యంగ్యం అన్నారు. ప్రతిదాన్నీ ఎగతాళి చేసి, ఆ ఎగతాళినీ ఎగతాళి చేసి, చివరికి ఎక్కడా నిలబడకుండా జారుకునే హాస్యం అని అర్థం. 2001లో ఆయన వ్యాసం వచ్చిన సంకలనంలోనే జేమ్స్ వాలెస్ మార్క్సిస్టు దృష్టితో, ఈ నవ్వు దేన్నీ కూలదోయదనీ చివరికి ఉన్న వ్యవస్థతోనే సర్దుకుపోతుందనీ వాదించారు. ఈ వర్గానికి గట్టి ఆధారం 1997 మే నెలలో వచ్చిన 'హోమర్స్ ఎనిమీ' ఎపిసోడ్. అందులో ఫ్రాంక్ గ్రైమ్స్ అనే కొత్త ఉద్యోగి చిన్నతనం నుంచి కష్టాలతో పైకి వచ్చినవాడు, రెండు బౌలింగ్ శాలల మధ్య ఇరుకు గదిలో బతుకుతాడు. ఏ పనీ సరిగా చేయని హోమర్‌కు ఇల్లు, కారు, కుటుంబం ఉండటం చూసి తట్టుకోలేక, పిచ్చెక్కినట్టు హోమర్‌ను అనుకరిస్తూ కరెంటు తీగలు పట్టుకుని చనిపోతాడు. శ్మశానంలో హోమర్ కునికిపాట్లు పడుతూ నిద్రలో ఛానల్ మార్చమంటాడు. ఊరంతా నవ్వుతుంది.

నిజాయితీగా కష్టపడ్డవాడి చావుకు నవ్వమని అడిగే కథ ఇది. కొందరికి అది కార్టూన్ ప్రపంచపు అన్యాయాన్ని ఒప్పుకున్న గొప్ప క్షణం, మరికొందరికి గుండె రాయి అయిన క్షణం. నా లెక్కలో తొలి ఏడెనిమిది సీజన్లకు గ్రే మాట చెల్లుతుంది, తర్వాతివాటికి మాథెసన్ మాట. మొదట్లో ప్రతి ఎగతాళి వెనకా ఒక బాధ ఉండేది, బార్ట్ ఏడుపు లాంటిది. రానురాను బాధ పలచబడి ఎగతాళి మిగిలింది.

దేశం దాటాక ఈ హాస్యం ఎక్కడికక్కడ వేరు వేరుగా తగిలింది. 2002లో రియో డి జనీరోను కోతులూ దొంగలూ ఉన్న ఊరిగా చూపితే ఆ నగర పర్యాటక సంస్థ దావా వేస్తామంది, బ్రూక్స్ క్షమాపణ చెప్పారు. 2006లో చైనా సాయంత్రం వేళల్లో విదేశీ కార్టూన్లను ఆపేసింది. 2008లో వెనిజులాలో ఒక ఛానల్ దీన్ని తీసేసి 'బేవాచ్' వేసుకుంది. అరబ్బీ రూపంలో హోమర్ ఒమర్ అయ్యాడు, బీరు సోడా అయింది, జనం పట్టించుకోలేదు.

మూడో తగువు: అపు

అపు నహసపీమపెటిలోన్ 1990 ఫిబ్రవరి 25న తొలిసారి తెరమీదికి వచ్చాడు. పేరు సత్యజిత్ రాయ్ సినిమాల అపుది. దుకాణదారును భారతీయుడిగా చేయాలని రచయితలు మొదట అనుకోలేదనీ, అజారియా ఆ యాసలో చదివితే గదిలో నవ్వులు పడి అలాగే ఉంచేశారనీ రచయిత మైక్ రీస్ చెప్పారు. యాసకు స్ఫూర్తుల్లో ఒకటి 1968 సినిమా 'ది పార్టీ'లో ముఖానికి రంగు పూసుకుని భారతీయుడిగా నటించిన పీటర్ సెల్లర్స్ అని అజారియా ఒప్పుకున్నారు. అంటే అపు గొంతు ఏ భారతీయుడి గొంతుకూ అనుకరణ కాదు, అనుకరణకు అనుకరణ.

అతను పుట్టిన కాలాన్ని గుర్తుంచుకోవాలి. 1990 జనగణనలో అమెరికాలో భారతీయులు 8 లక్షల 15 వేల మంది, మొత్తం జనాభా దాదాపు 25 కోట్లు. 1965 వలస చట్టంతో డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లారు. వారి వెనక బంధువులు వెళ్లి మోటళ్లు, పెట్రోలు బంకులు, చిన్న దుకాణాలు పెట్టుకున్నారు. 1987లో, ట్రేసీ ఉల్మన్ షోలో సింప్సన్లు మొదలైన ఏడాదే, న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో బొట్టును ఎగతాళి చేస్తూ 'డాట్‌బస్టర్స్' అని పేరు పెట్టుకున్న ముఠా భారతీయులను కొట్టింది. సగటు అమెరికన్‌కు భారతీయుడు పక్కింటివాడు కాని ఆ కాలంలో, వారం వారం ఇంట్లోకి వచ్చిన భారతీయుడు అపు ఒక్కడే.

పాత్రగా అపు తీసిపారేసేవాడు కాడు. కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ ఉన్నవాడు. 1995లో లీసా మాంసం మానేసినప్పుడు దుకాణం మిద్దె మీది తోటలో, పాల్ మెకార్ట్నీ దంపతుల పక్కన నిలబడి, ఎదుటివారి తిండిని గౌరవించడం నేర్పేది అతనే. 1996 మే నెలలో వచ్చిన 'మచ్ అపు అబౌట్ నథింగ్' ఇంకా లోతైనది. కాలిఫోర్నియా ఓటర్లు 1994లో ఆమోదించిన వలస వ్యతిరేక ప్రతిపాదన 187ను గుర్తుకు తెచ్చేలా, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలసదారులను తరిమే ప్రతిపాదన వస్తుంది. దొంగ కాగితాలతో అమెరికన్‌గా నటించబోయిన అపు సిగ్గుపడి ఆపేస్తాడు, చదివి పౌరసత్వ పరీక్షకు వెళ్తాడు. అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగితే ఆర్థిక, రాజకీయ కారణాలన్నీ ఏకరువు పెట్టబోతాడు. విసిగిన అధికారి, బానిసత్వం అని ఒక్క మాట చెబితే చాలంటాడు. అమెరికా చరిత్ర అమెరికన్ల కంటే వలసదారుకే బాగా తెలుసన్న ఆ ఒక్క సన్నివేశం ముందు ఎన్నో ఉపన్యాసాలు దిగదుడుపు. ఇదే అపుకు దొరికిన గొప్ప న్యాయం. మరి సమస్య ఎక్కడ?

సమస్య తెర మీద కంటే బడి ఆవరణలో ఎక్కువ. కొండబోలు డాక్యుమెంటరీలో నటులు కాల్ పెన్, ఆసిఫ్ మాండ్వీ, హసన్ మిన్హాజ్, అజీజ్ అన్సారీ తదితరులున్నారు. అమెరికా సర్జన్ జనరల్‌గా పనిచేసిన వివేక్ మూర్తి కూడా ఉన్నారు. దేశపు అత్యున్నత వైద్య పదవి చేపట్టిన మనిషికీ చిన్నప్పుడు ఎదురైన వెక్కిరింత అదే యాస. నల్లజాతి వారిని ఎగతాళి చేసే పాత వస్తువులను సేకరించే హూపీ గోల్డ్‌బర్గ్, అపు ఆ కోవలోకే వస్తాడని తేల్చారు. రచయిత డానా గూల్డ్, తెల్ల అమెరికన్ చెవికి కొన్ని యాసలు సహజంగానే నవ్వు పుట్టిస్తాయని ఒప్పుకున్నారు. అజారియా కెమెరా ముందుకు రాలేదు.

డాక్యుమెంటరీ కంటే ముందే ఈ విమర్శ కార్టూన్‌లోకి వచ్చిందని చాలామందికి తెలియదు. 2016 జనవరి ఎపిసోడ్‌లో అపు సోదరుడు సంజయ్ కొడుకు జే వస్తాడు. గాత్రం ఉత్కర్ష్ అంబుద్కర్‌ది. అమెరికాలో పుట్టిన ఆ కుర్రాడు బాబాయి మొహం మీదే నువ్వో మూస బొమ్మవంటాడు, దుకాణాన్ని ఆరోగ్యాహారం అమ్మే చోటుగా మార్చేస్తాడు. అంటే రచయితలకు విషయం తెలుసు, చెప్పే దారీ తెలుసు. కానీ 2018 ఏప్రిల్ 8న డాక్యుమెంటరీకి జవాబుగా వచ్చిన సన్నివేశం వేరే ధోరణిలో సాగింది. ఎప్పుడో అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయితే ఏం చేయగలమని లీసా అంటుంది, పక్కన అపు ఫొటో. కొన్నిటి సంగతి తర్వాత చూస్తాం, చూస్తే గీస్తే, అన్న అర్థంతో తల్లీకూతుళ్లు ముగిస్తారు. ఊళ్లో న్యాయం కోసం ఎప్పుడూ నిలబడే లీసా నోటితో ఆ మాట పలికించడం రచయితల పెద్ద తప్పిదం. అదే నెలలో గ్రేనింగ్, జనం నొచ్చుకున్నట్టు నటించడానికి ఇష్టపడే కాలమిదన్నారు. మనసు మార్చుకున్నది అజారియా ఒక్కరే. ఏప్రిల్ 24న స్టీఫెన్ కోల్బేర్ షోలో, తప్పుకోవడానికి సిద్ధమనీ రచయితల గదిలో దక్షిణాసియా వారు ఉండాలనీ అన్నారు. 2020 జనవరిలో తప్పుకున్నారు. పోలీసు చేతిలో నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగిన తర్వాత ఆ జూన్ 26న, తెల్లవారు ఇతర జాతుల పాత్రలకు ఇకపై గొంతు ఇవ్వరని నిర్మాతలు ప్రకటించారు.

ఎవరి వాదన ఎంత బరువు

సమర్థకుల ప్రధాన వాదం, ఈ ఊళ్లో అందరూ మూస బొమ్మలే అన్నది. స్కాట్లాండ్ తోటమాలి విల్లీ, ఇటాలియన్ మాఫియా నాయకుడు ఫ్యాట్ టోనీ, అందరికంటే మొద్దు తెల్ల హోమర్. అపు ఒక్కడికే మినహాయింపెందుకు? వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఇటాలియన్‌కు అమెరికా తెర మీద వందల రూపాలున్నాయి, భారతీయుడికి పదిహేను ఇరవయ్యేళ్లు ఉన్నది దాదాపు ఒక్క రూపం. వంద అద్దాల్లో ఒకటి వంకరగా చూపిస్తే నవ్వుకోవచ్చు. ఉన్న ఒక్క అద్దమూ వంకరదైతే పిల్లలు తమ మొహమే అలా ఉందనుకుంటారు. కొండబోలు వాదంలో అసలు బలం ఇక్కడుంది, మనోభావాలు దెబ్బతిన్నాయన్న మాటలో కాదు.

గొంతు విషయంలో సమర్థకుల మాటకు ఇంకాస్త బరువుంది. పదేళ్ల కుర్రాడు బార్ట్‌కు గొంతు ఇచ్చేది ఒక స్త్రీ. తాను కానివాణ్ణి పలకడమే నటుడి పని అని హ్యారీ షియరర్ 2020 నిర్ణయాన్ని బహిరంగంగా విమర్శించారు. కళగా చూస్తే అది సబబే. కానీ అవకాశాల లెక్క వేరు. ఇద్దరు నటులు ఊరంతటినీ పలుకుతున్నన్నాళ్లు భారతీయ నటుడికి ఆ ఊళ్లో పని లేదు. ఏ పాత్రకైనా ఎవరైనా పలకవచ్చన్న స్వేచ్ఛ ఒక వైపుకే తెరుచుకున్న తలుపుగా ఉంది.

భారతదేశం నుంచి చూసేవారికి ఈ తగువు పెద్దదిగా అనిపించకపోవచ్చు. మన టీవీ నిండా మనవాళ్లే, అపు వచ్చినా పోయినా లోటు లేదు. కానీ తెలుగువారికి ఇది అర్థంకాని బాధ కాదు. తెలంగాణ యాసను దశాబ్దాలపాటు రౌడీలకూ హాస్యగాళ్లకూ అంటగట్టిన సినిమాను, ఆ యాస మాట్లాడే పిల్లలు ఏ మనసుతో చూశారో తెలంగాణ ఉద్యమంలో ఎంతోమంది చెప్పారు. ఆ పాత్రల్లో కొన్ని మంచివే, కొన్ని నవ్వించినవే. అయినా కథానాయకుడు ఆ యాస మాట్లాడేదాకా గాయం మానలేదు.

మధ్యేమార్గం చెప్పేవాళ్లది మూడో వర్గం. అపును తీసేయొద్దు, బాగా రాయండి అంటారు. నిర్మాత ఆది శంకర్ 2018లో అలాంటి కథ కోసం పోటీయే పెట్టారు. కొండబోలు సైతం అపును చంపేయమని అడగలేదు. డాక్యుమెంటరీని చూడకుండా విన్నవాళ్లు మాత్రం ఆయన అదే అడిగారని నమ్మి, ఆయన మీద ద్వేషం కుమ్మరించారు.

ఇంకా తేలనివి

2021లో ఒక పాడ్‌కాస్ట్‌లో అజారియా, ఈ దేశంలోని ప్రతి భారతీయుడి దగ్గరికీ వెళ్లి క్షమాపణ చెప్పాలనిపిస్తోందన్నారు. కొడుకు బడిలో కలిసిన పదిహేడేళ్ల భారతీయ విద్యార్థి గురించి చెప్పారు. ఆ అబ్బాయి 'ది సింప్సన్స్' ఒక్కసారీ చూడలేదు. అయినా అపు అంటే ఏమిటో తెలుసు, తనను ఏడిపించే తిట్టుగా. కార్టూన్‌లో ఉన్న మంచి సన్నివేశాలేవీ ఆ అబ్బాయి దాకా చేరలేదు, యాస ఒక్కటే చేరింది. పాత్ర మంచివాడన్న వాదం ఈ అబ్బాయికి ఏ జవాబూ చెప్పలేదు.

పాత ఎపిసోడ్ల సంగతి ఇంకో చిక్కు. 2019లో డిస్నీ చేతికి వచ్చిన ఈ కార్టూన్‌లో, బాలలపై లైంగిక వేధింపుల ఆరోపణలు ఎదుర్కొన్న మైకేల్ జాక్సన్ గొంతు ఉన్న ఎపిసోడ్‌ను అదే ఏడాది నిర్మాతలే తప్పించారు. చైనా సైన్యం నిరసనకారులను చంపిన తియనాన్మెన్ ఘటన ప్రస్తావన ఉన్న ఎపిసోడ్ హాంకాంగ్ ప్రేక్షకులకు అందడం లేదని 2021లో బయటపడింది. ఒకటి మనస్సాక్షి కోసం, ఇంకోటి మార్కెట్ కోసం. పాతదాన్ని తీసేసే అధికారం కంపెనీ చేతిలో పెడితే ఈ రెండిటికీ గీత ఎవరు గీస్తారు? అపు పాత ఎపిసోడ్లు ఉండాల్సిందే. ప్రతిపాదన 187 నాటి భయాన్ని పట్టిచ్చిన సాక్ష్యం అది, వంకర యాసతో సహా.

జాతి చూసి గొంతు ఎంచే నియమం ఎంతదాకా వెళ్తుందన్నదీ తేలలేదు. బెంగాలీ పేరున్న అపుకు బెంగాలీయే పలకాలా, ఏ భారతీయుడైనా సరిపోతాడా? గొంతు మార్చి, రాసేవాళ్లను మార్చకపోతే ఒరిగేదేమిటి? మరోవైపు 'మాస్టర్ ఆఫ్ నన్', 'నెవర్ హావ్ ఐ ఎవర్' లాంటి ధారావాహికలతో ఒక్క అద్దం రోజులు పోయాయి. 2010-17 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారు. వారి పిల్లల తరగతుల్లో ఇప్పుడు అపు ఒక్కడే భారతీయుడు కాడు. అతని బరువు తగ్గిన ఈ కాలమే అతన్ని తిరిగి రాయడానికి అనువైన కాలం.

జరుగుతున్నది మాత్రం అది కాదు. అపును తీసేయలేదు, బాగు చేయలేదు. గుంపులో నిలబెట్టి నోరు మూయించారు. తప్పుడు గొంతుతో మాట్లాడించడం ఒక అన్యాయమైతే, విమర్శ వచ్చిందని అసలే మాట్లాడనివ్వకపోవడం ఇంకో అన్యాయం. విమర్శించినవాళ్ల మీదికి నెపం నెట్టడానికి అది వీలుగా ఉంటుంది కూడా. 'ది సింప్సన్స్' 40వ సీజన్ దాకా ఖరారైంది. 2016లో జే మొదలుపెట్టిన వాదనకు అపు ఇవ్వాల్సిన జవాబు బాకీ ఉంది. ముప్పై ఏళ్లు ఆ దుకాణంలో ఎందుకు నిలబడ్డాడో, డాక్టరేట్ చేసినవాడు గల్లాపెట్టె దగ్గర ఎలా మిగిలిపోయాడో, తుపాకీ చూపిన దొంగలను ఎన్నిసార్లు భరించాడో ఆ కుర్రాడికి చెప్పాలి. ఆ ఎపిసోడ్‌ను బడిలో అపు అని పిలిపించుకున్నవాళ్లు రాయాలి, వాళ్లలో ఒకరు పలకాలి.